మేడగదిలో రెండు స్టేషన్లు

పోయిన విద్యా సంవత్సరం మొదట్లో స్కూలు నుంచి ఒక ఫారం వచ్చింది. మనందరికీ వచ్చిందే. పిల్లల బ్లడ్ గ్రూపు, అలర్జీలు, బస్సు ఎక్కే స్టాపు, చివర్లో 'అభిరుచులు' అని ఒక గడి. మా అమ్మాయి అప్పుడే ఎనిమిదో తరగతిలోకి వచ్చింది. షాపు కౌంటరు మీద పెట్టుకుని ఫారం నేనే నింపాను. అభిరుచుల గడిలో 'మోడల్ రైల్వే' అని రాశాను. అందరూ డ్రాయింగ్, క్రికెట్, డాన్స్ అని రాస్తారు, మాది వేరు అని లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

మర్నాడు పొద్దున బస్సు కోసం నిలబడి ఉండగా బ్యాగులోంచి ఆ ఫారం బయటికి వచ్చి కనిపించింది. నేను రాసింది కొట్టేసి ఉంది. పక్కన నీలం పెన్నుతో 'ఏమీ లేవు' అని ఉంది.

"అదేంటమ్మా?" అన్నాను.

"అది నీ హాబీ నాన్నా. నాది కాదు."

బస్సొచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది.

ఈ పేజీకి ఏదైనా రాయమని క్లాస్ టీచర్ గారు అడిగినప్పుడు బొమ్మ రైళ్ల గురించి రాస్తానని ఒప్పుకున్నాను. రైళ్ల గురించే రాస్తున్నాను. కానీ ఆ ఫారం సంగతి దాచిపెట్టి రాస్తే సగం అబద్ధం అవుతుంది.

మాది ఏర్పేడు. హార్డ్‌వేర్ షాపు. సిమెంటు, పైపులు, పెయింట్లు, కరెంటు సామాను. కింద షాపు, పైన ఇల్లు, ఆ పైన మేడ మీద ఒక గది. రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి మీదుగా గూడూరు పోయే రైళ్లు మా ఊరి మీదుగానే పోవాలి. రాత్రిపూట గూడ్సు బండి పోతుంటే మేడగది కిటికీ రెక్క కొద్దిగా కొట్టుకుంటుంది.

మా నాయన రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. పాకాల–ధర్మవరం లైను మీటరు గేజీగా ఉన్న రోజుల్లో ఆ లైను మీది చిన్న స్టేషన్లలోనే ఆయన సర్వీసంతా గడిచింది. నేను క్వార్టర్స్‌లో పెరిగినవాణ్ని. రోజూ నిజం రైలు చూసేవాడికి బొమ్మ రైలు ఎందుకు అనుకునేవాళ్లేమో, నాకెప్పుడూ కొనలేదు. అగ్గిపెట్టెలకి దారం కట్టి లాగేవాణ్ని. ఆ ముచ్చట తీరకుండా ఎక్కడో ఉండిపోయినట్టుంది.

మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉన్నప్పుడు పుట్టినరోజుకి తిరుపతిలో ఒక బ్యాటరీ రైలు కొన్నాను. ప్లాస్టిక్ పట్టాలు, ఒక ఇంజను, మూడు పెట్టెలు. అది ఏం చేసిందంటే, పట్టాలని గుండ్రంగా కలపకుండా హాల్లోంచి వంటింటి గుమ్మం దాకా పొడుగ్గా వేసింది. పెట్టెల్లో వేరుశెనక్కాయలు నింపి వాళ్లమ్మకి పంపేది. ఆవిడ దించుకుని, వొలిచిన తొక్కలు నింపి వెనక్కి పంపాలి. ఇంజను వెనక్కి నడవదు కాబట్టి ప్రతిసారీ చేత్తో ఎత్తి తిప్పి పెట్టేది. "అలా కాదమ్మా, గుండ్రంగా వేస్తే దానంతటదే తిరుగుతుంది" అని చెప్పి నేను వలయంగా వేసిచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే, తప్పు అక్కడే మొదలైంది.

ఆ తర్వాత నాకు పట్టుకుంది. నిజం రైలుని కొలత తప్పకుండా చిన్నది చేసి నడిపే పెద్దవాళ్లు ప్రపంచమంతా ఉన్నారని తెలిసింది. జర్మనీలో మార్క్‌లిన్ కంపెనీ వాళ్లు 1891లో లైప్‌జిగ్ సంతలో ఒక పద్ధతి ప్రకారం అమరే బొమ్మ పట్టాలు తెచ్చారు. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో కీ ఇచ్చే రైళ్లు మొదలుపెట్టాడు. ఇప్పుడు ఎక్కువ మంది వాడేది హెచ్‌ఓ అనే కొలత. అంటే నిజం దానిలో 87వ వంతు. మన ఐసీఎఫ్ పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు. 87తో భాగిస్తే 24.5 సెంటీమీటర్లు. ఒక స్కేలు కన్నా తక్కువ.

ఇక్కడ మనవాళ్లకి ఒక చిక్కుంది. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో గుణిస్తే 1435 వస్తుంది. అది యూరప్, అమెరికా గేజి. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు. లెక్క ప్రకారం మనకి 19 మిల్లీమీటర్ల పైన ఉండాలి, ఆ కొలతలో రెడీమేడ్ పట్టాలు కొనబోతే దొరకవు. కాబట్టి మన ఇంజను బొమ్మని ఆ పట్టాల మీద నిలబెడితే లావుపాటి మనిషి ఇరుకు చెప్పులు వేసుకున్నట్టు ఉంటుంది. పట్టించుకునేవాళ్లు పట్టించుకుంటారు. మిగతావాళ్లం కళ్లు కాస్త మూసుకుంటాం.

మా చిన్నాన్న కొడుకు డల్లాస్ నుంచి వస్తూ ఒక సెట్టు తెచ్చిపెట్టాడు. దాని ఖరీదు మా అమ్మాయి టర్మ్ ఫీజులో మూడోవంతు. ఇంట్లో ఆ మాట అప్పుడు చెప్పలేదు. వచ్చిన రోజే, పాతికేళ్లుగా కరెంటు సామాను అమ్ముతున్న నేను, అమెరికా అడాప్టరుని తిన్నగా మన ప్లగ్గులో పెట్టేశాను. వాళ్లది 120 వోల్టులు, మనది 230. టప్‌మంది, గదంతా కాలిన వాసన. ఎవరైనా కస్టమరు ఆ పని చేసుంటే వారం రోజులు నవ్వుకునేవాణ్ని. అదృష్టం కొద్దీ ఇంజనుకేమీ కాలేదు. సీసీ కెమెరాలకి వాడే 12 వోల్టుల అడాప్టరు పెట్టి, మధ్యలో ఒక రెగ్యులేటరు కట్టి నడిపించాను. ఇందులో కిటుకు చాలా చిన్నది. కరెంటు రెండు పట్టాల్లోంచి వస్తుంది, చక్రాలు దాన్ని మోటారుకి అందిస్తాయి. వోల్టేజి పెంచితే వేగం పెరుగుతుంది. ప్లస్, మైనస్ తారుమారు చేస్తే బండి వెనక్కి నడుస్తుంది.

12 ఎం.ఎం. ప్లైవుడ్ మీద ఏర్పేడు కట్టడం మొదలుపెట్టాను. ఈ పనిలో హార్డ్‌వేర్ షాపువాడికున్నంత సుఖం ఇంకెవరికీ లేదు. పట్టాల కింద పోసే కంకర కోసం క్రషర్ డస్ట్ జల్లెడ పట్టాను. నేలకి టింబర్ డిపో నుంచి రంపప్పొట్టు. చెట్లకి పాత స్పాంజి ముక్కలు ఆకుపచ్చ రంగులో ముంచి, రాగి తీగ మెలేసిన కొమ్మలకి అతికించాను. కంకరని అతికించాలంటే ఫెవికాల్‌ని నీళ్లలో కలిపి చుక్కలు చుక్కలుగా పోయాలి. ఊరికే పోస్తే చుక్క గుండ్రంగా నిలబడుతుంది, లోపలికి ఇంకదు. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపితే చక్కగా ఇంకిపోతుంది. ఆ సంగతి తెలియక రెండు వారాలు అవస్థ పడ్డాను.

మొదటి వేసవికే పట్టాలు వంకర పోయాయి. మా ఎండలు తెలుసు కదా, పైగా స్లాబు కింద గది. నాయనకి ఫోన్ చేస్తే ఒకటే మాట అడిగాడు. "సందులు వదిలినావా?" వదల్లేదు. అందంగా ఉండాలని అన్ని అతుకులూ సోల్డరింగ్ చేసేశాను. నాలుగు మీటర్ల పట్టాకి 20 డిగ్రీల తేడా వస్తే ఒక మిల్లీమీటరు పైనే సాగుతుంది. అది ఎక్కడికి పోవాలి? పక్కకి ఉబుకుతుంది. అతుకులు కొన్ని విప్పి, మధ్యలో విజిటింగ్ కార్డు మందాన సందు వదిలాక సర్దుకుంది.

అన్నిటికన్నా కష్టం ఏది వదిలేయాలో తేల్చుకోవడం. రేణిగుంట నుంచి మా ఊరికి సుమారు పది కిలోమీటర్లు. 87వ వంతు అంటే 115 మీటర్ల పట్టా. మా గది పొడవు 14 అడుగులు. నిజం లెక్కలో 371 మీటర్లు. అంటే 24 పెట్టెల ఎక్స్‌ప్రెస్ ఒకటి మా గదిలో నిలబడనే లేదు, తోక మెట్ల మీద ఉంటుంది. అందుకని నాలుగు పెట్టెలనే ఎక్స్‌ప్రెస్ అనుకోవాలి. ఒక స్టేషన్, దాని వెనక ఒక కొండ, వ్యాసాశ్రమం వైపు పోయే దారిలో నాలుగు చెట్లు. ఇంతే ఏర్పేడు.

ఆ కొండ దగ్గరికి వస్తాను.

అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా కొండకి రంగు వేసే పని దానికిచ్చాను. షాపులో స్టెయినర్ సీసాలన్నీ తెచ్చి ముందర పెట్టాను. సాయంత్రం వచ్చి చూస్తే కొండంతా ఊదా రంగు. కింద కొంచెం ముదురు, పైకి పోయేకొద్దీ లేత. "ఊదా రంగు కొండ ఎక్కడైనా ఉంటుందా తల్లీ" అని నవ్వాను. అది కూడా నవ్వింది. ఆ రాత్రి అది పడుకున్నాక నేను పైకెళ్లి కొండకి గోధుమ రంగు వేసేశాను, అక్కడక్కడ ఆకుపచ్చ అద్ది. నిజంగా చాలా బాగా కుదిరింది. మర్నాడు అది చూసింది. ఏమీ అనలేదు. బాగుంది నాన్నా అన్నట్టు కూడా గుర్తు.

ఆ తర్వాత పైకి రావడం తగ్గించింది. ఏడో తరగతికి పూర్తిగా మానేసింది. ఫౌండేషన్ కోర్సు, స్లిప్ టెస్టులు, ఆదివారం టెస్టులు ఉన్నాయి కాబట్టి చదువు ఎక్కువైంది, అందుకే రావడం లేదని అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులువుగా ఉండింది.

నేను మాత్రం ఆపలేదు. ఆ ఏడాదే పంపుల కంపెనీ వాళ్లు డీలర్లందరినీ పూణే తీసుకెళ్లారు. మిగతావాళ్లు షాపింగుకి పోతే నేను ఆటో ఎక్కి జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం చూడ్డానికి పోయాను. బి.ఎస్. జోషి అనే ఆయన జీవితమంతా పెట్టి కట్టిన చిన్న ఊరు. 1998 నుంచి జనానికి చూపిస్తున్నారు. కుర్చీల్లో కూర్చుంటే లైట్లు ఆర్పుతారు. రాత్రి పడుతుంది, ఊళ్లో దీపాలు వెలుగుతాయి, రైళ్లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, పోతాయి. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. తిరిగొచ్చి మా ఏర్పేడుకి కూడా దీపాలు పెట్టాను, ముందర నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేశాను. చుట్టాలొచ్చినప్పుడు కూర్చోబెట్టి చూపించేవాణ్ని. అమ్మాయిని పిలిస్తే వచ్చి, రెండు నిమిషాలు నిలబడి, హోంవర్క్ ఉందని దిగిపోయేది.

దాన్ని ఎలాగైనా పైకి ఎక్కించాలని ఇంకో ఎత్తు కూడా వేశాను. 2015లో మొదలై, తర్వాత మా ఊరి దగ్గర సొంత ప్రాంగణానికి వచ్చిన ఐఐటీ పిల్లలు అప్పుడప్పుడు షాపుకొస్తుంటారు. వాళ్లలో ఒకబ్బాయి సోల్డరింగ్ వైరు కొంటూ మాటల్లో అమెరికాలోని ఎంఐటీ సంగతి చెప్పాడు. అక్కడి విద్యార్థులకి 1946 నుంచి ఒక మోడల్ రైల్వే క్లబ్బు ఉందట. 1950ల చివర్లో దానిలో పట్టాల కింద వైర్లు, టెలిఫోన్ రిలేలు కలిపే బృందంవాళ్లే తర్వాత కంప్యూటర్ల మీద పడ్డారట. 1962లో వచ్చిన 'స్పేస్‌వార్' అనే తొలినాటి కంప్యూటర్ ఆట రాసిన స్టీవ్ రస్సెల్ ఆ క్లబ్బువాడే. 'హ్యాకర్' అనే మాటకి ఇప్పటి వాడుక ఎక్కువగా ఆ గదిలోంచే వచ్చింది. ఇంటికొచ్చి ఇదంతా అన్నం తింటూ చెప్పాను. "అంటే ఇది కూడా కోచింగేనా నాన్నా?" అంది. నాకు జవాబు రాలేదు.

ఇక ఫారం మీద ఆ కొట్టివేత. ఆ రోజు మధ్యాహ్నం మా ఆవిడతో చెప్పుకుని బాధపడ్డాను. ఓదారుస్తుందనుకున్నాను. "మీరు కట్టుకున్నారు, మీరే నడుపుకుంటారు. అది కుర్చీలో కూర్చుని చూడాలంటారు. సినిమా హాలా అది?" అంది. కంచం తీసుకుని లోపలికి పోయింది.

ఆ ఏడాది శివరాత్రికి శ్రీకాళహస్తి దర్శనం కోసం మా నాయన వచ్చాడు. మోకాళ్ల నొప్పులు, మేడ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. కుర్చీలో కూర్చోబెట్టి, లైట్లు ఆర్పి, దీపాలు వేసి, ఎక్స్‌ప్రెస్ నడిపించాను. ఆయన చాలాసేపు చూశాడు. బండి స్టేషన్ దాటింది, కొండ చుట్టూ తిరిగింది, మళ్లీ అదే స్టేషన్‌కి వచ్చింది. ఆరేడుసార్లు.

"బాగుంది రా. యాడికి పోతుంది ఇది?" అన్నాడు.

"ఎక్కడికీ పోదు నాయనా. తిరుగుతుంటుంది."

"స్టేషన్ ఒకటేనా?"

"ఒకటే."

"అట్లయితే లైన్ క్లియర్ ఎవుర్ని అడగతావు?"

మా అమ్మాయి తాతకి మంచినీళ్లు తెచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. "లైన్ క్లియర్ అంటే ఏంటి తాతా?" అంది. ఆయన నన్ను వదిలేసి దానికి చెప్పడం మొదలుపెట్టాడు.

సింగిల్ లైను మీద రెండు స్టేషన్ల మధ్య ఒకేసారి ఒక బండే ఉండాలి. రెండుంటే ఎదురెదురుగా గుద్దుకుంటాయి. అందుకని ఈ స్టేషన్ మాస్టరు తన ఇష్టప్రకారం బండిని వదలడానికి లేదు. అవతలి స్టేషన్‌ని గంట కొట్టి అడగాలి. అవతలివాడు లైను ఖాళీగా ఉందని చూసుకుని ఒప్పుకోవాలి. అతను అక్కడ మీట నొక్కితేనే ఇక్కడి పెట్టెలోంచి ఒక ఇనప గోళం బయటికొస్తుంది. దాన్ని టోకెన్ అంటారు. అది చేతిలో లేకుండా డ్రైవరు కదలకూడదు. ఒక గోళం బయట ఉన్నంతసేపూ రెండు పెట్టెల్లోంచీ ఇంకొకటి రాదు. ఆ గోళాన్ని తోలు సంచిలో పెట్టి, సంచిని పెద్ద వలయానికి కట్టి, ఆగకుండా పోయే బండికి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎత్తి పట్టుకోవడం పాయింట్స్‌మన్ పని. రాత్రిపూట ఒక చేతిలో లాంతరు, ఒక చేతిలో వలయం. ఇంజనులోంచి మనిషి చెయ్యి చాపి లాక్కుంటాడు. మా నాయన కుడి ముంజేతి మీద ఒక పాత మచ్చ ఉంది. అది దేనిదో నాకు నలభై ఐదేళ్లు దాటాక, మా అమ్మాయి అడిగితే తెలిసింది.

"అవతలి మాస్టరు ఒప్పుకోకపోతే?" అని అడిగింది.

"నిలబడాల్సిందే. మెయిలైనా సరే, యాభై మంది అరిచినా సరే."

దాని ముఖంలో ఒక వెలుగు వచ్చింది. తండ్రిగా చెబుతున్నాను, అది నాకంత మంచి సూచనగా కనబడలేదు.

నాయన ఉన్న నాలుగు రోజుల్లో నా వలయాన్ని కోసేశాం. గోడ వెంట పట్టాని పొడుగ్గా లాగి, గది ఆ చివర ఇంకో స్టేషన్ కట్టాం. ఆ చివర రేణిగుంట, ఈ చివర ఏర్పేడు. "పాపా, నువ్వు ఏర్పేడు. మీ నాయన రేణిగుంట" అని పంపకం చేసింది ఆయనే. మధ్యలో పాత దుప్పటి ఒకటి తెరలా కట్టాం. నిజం స్టేషన్లలో అవతలివాడు కనిపించడు కదా. షాపులోంచి రెండు కాలింగ్ బెల్లులు తెచ్చాం. ఒకసారి మోగితే పలకరింపు, రెండుసార్లు మోగితే లైన్ క్లియర్ కావాలి, మూడుసార్లయితే బండి క్షేమంగా చేరింది.

గోళాల యంత్రం చెయ్యడం మా వల్ల కాలేదు. నేను రిలేలు, టైమర్లు అంటూ కాగితం మీద ఏదో గీస్తుంటే అది చూసి, "రెండు స్విచ్చులు సిరీస్‌లో పెడితే సరిపోదా నాన్నా?" అంది. రెండు స్టేషన్లలో రెండు స్విచ్చులు. ఇద్దరం వేస్తేనే మధ్య పట్టాలోకి కరెంటు. ఒకరు వేసి ఒకరు వేయకపోతే బండి స్టేషన్ హద్దు దాటగానే ఆగిపోతుంది. 30 రూపాయల సామానుతో అయిపోయింది. గుర్తుకి మాత్రం బేరింగులోని ఇనప గోలీ ఒకటి తీసి, ఇంజను వెనక తెరిచిన వ్యాగన్‌లో వేసి పంపుతాం.

మొదటి ఆదివారం. నేను నా ఎక్స్‌ప్రెస్‌ని రేణిగుంటలో సిద్ధం చేసుకుని రెండు గంటలు కొట్టాను. జవాబు లేదు. మళ్లీ కొట్టాను. లేదు. దుప్పటి అవతల గూడ్సు పెట్టెలు టకటకమంటున్నాయి. షంటింగ్ చేసుకుంటోంది. "ఏమ్మా, లైన్ క్లియర్" అన్నాను నోటితో. "గంట కొట్టాలి నాన్నా, మాట్లాడకూడదు" అంది. పది నిమిషాలు. షాపులో నేను కేకేస్తే ముగ్గురు పరిగెత్తుకొస్తారు. ఇంట్లో ఏ గదిలోకైనా తలుపు తట్టకుండా పోతాను. చేతులు కట్టుకుని ఒక పిల్ల ఒప్పుకోవడం కోసం కూర్చోవడం నాకు ఎంత కష్టమయిందో చెబితే నవ్వుతారు. చెయ్యి స్విచ్చు మీదికి పోయింది కూడా. వేసినా లాభం లేదు, సిరీస్‌లో ఉంది. ఇంకో పది నిమిషాలకి రెండు గంటలు మోగాయి. కాళహస్తి దాకా వినిపించేలా నా ఎక్స్‌ప్రెస్‌కి హారన్ కొట్టాను, నోటితో.

ఇప్పుడు ఎలా నడుస్తుందో టూకీగా చెబుతాను. పది నిమిషాలని ఒక గంటగా లెక్కపెడతాం. నాలుగు గంటల కాలంలో ఆ రోజు బండ్లన్నీ నడిచిపోవాలి. టైమ్‌టేబుల్ అదే రాస్తుంది. ప్రతి వ్యాగన్‌కీ ఒక చీటీ. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏం సరుకు. మాకు దగ్గర్లో రాచగున్నేరిలో పైపుల ఫ్యాక్టరీ ఉంది కాబట్టి కూల్‌డ్రింకు స్ట్రాలు కోసి, నల్ల రంగు వేసి పైపులుగా ఎక్కిస్తుంది. మా షాపుకి కూడా సరుకు పంపుతుంది. నేను దించుకుని ఖాళీ వ్యాగన్ తిరిగి పంపకపోతే 'డెమరేజి' అని చీటీ రాస్తుంది. ఇప్పటికి 340 రూపాయలు బాకీ ఉన్నాను.

గది లేదు, అంత డబ్బు లేదు అనుకునేవాళ్ల కోసం ఒక మాట. అలన్ రైట్ అనే ఇంగ్లండు ఆయన రూపొందించిన షంటింగ్ ఆట ఒకటుంది, పేరు 'ఇంగిల్‌నుక్'. పుస్తకాల అలమర మీద పట్టేంత చోటు చాలు. రెండు పాయింట్లు, మూడు సైడింగులు, వాటిలో ఐదు, మూడు, మూడు వ్యాగన్లు పడతాయి. మొత్తం ఎనిమిది వ్యాగన్లు. చీట్లు తీసి, వచ్చిన ఐదింటిని వచ్చిన వరసలోనే బండిగా పేర్చాలి. ఎన్ని రకాలుగా రావచ్చో మా అమ్మాయే లెక్కేసింది. మొదటిదానికి ఎనిమిది అవకాశాలు, తర్వాతదానికి ఏడు, అలా 8×7×6×5×4, మొత్తం 6720. ఒకటి ముగించడానికి నాకు పావుగంట పైనే పడుతుంది. దానికి అంత పట్టదు. ఎంత పడుతుందో చెప్పకూడదని ఒప్పందం.

మార్కుల సంగతి మీరు అడుగుతారని తెలుసు. రైళ్ల వల్ల పెరిగాయని చెప్పలేను, తగ్గాయని కూడా చెప్పలేను. లెక్కల్లో ఎప్పుడూ ఉండే చోటే ఉంది, సోషల్‌లో ఎప్పుడూ ఉండే చోటే ఉంది. పరీక్షల వారాల్లో ఏర్పేడు స్టేషన్ మూసేస్తుంది. ఆ సంగతి నాకు చెప్పదు. స్విచ్చు మీద 'లైన్ బ్లాక్' అని కాగితం అంటించి పోతుంది. నేను పట్టాలు నల్లబడ్డ చోట స్పిరిట్‌తో తుడుచుకుంటూ కూర్చుంటాను. ఒక్కడినీ నడపాలంటే స్విచ్చు వైరు కలిపేసుకోవచ్చు, నాకొచ్చిన పనే. ఒకసారి కలిపాను కూడా. బండి ఏర్పేడు చేరింది. అక్కడ దించుకునేవాళ్లు లేరు. మళ్లీ విప్పేశాను.

ఈ సంవత్సరం తొమ్మిదో తరగతి ఫారం వచ్చింది. బ్లడ్ గ్రూపు, బస్సు స్టాపు నింపి, చివరి గడి వదిలేసి దాని టేబులు మీద పెట్టాను. అది నింపుకుని అదే టీచరు గారికి ఇచ్చింది. ఏం రాసిందో నేను చూడలేదు.

కొండ ఒకటి మిగిలిపోయింది. చలికాలంలో సాయంత్రం షట్టరు దించుతూ పడమర వైపు చూస్తే దూరంగా తిరుమల కొండలు ఉంటాయి కదా, అవి కింద ముదురుగా, పైకి పోయేకొద్దీ లేతగా, ఊదా రంగులోనే ఉంటాయి. పాతికేళ్లుగా అదే టైముకి అదే షట్టరు దించుతున్నాను. మొన్న ధైర్యం చేసి అడిగాను, "ఆ రోజు నీ రంగు మీద నేను వేరే రంగు వేసేశాను. మళ్లీ నీ రంగు వేస్తావా?" అని.

అది స్ట్రాలు కోస్తోంది. తల ఎత్తలేదు. "వద్దులే నాన్నా. నాకిప్పుడు ఆ కొండ అక్కర్లేదు. అక్కడ పైపుల సైడింగ్ కావాలి" అంది.

వచ్చే ఆదివారం కొండ తీసేస్తున్నాం.